పిన్నిగారు కలిపిన కుందేళ్లు

పక్కింటి పిన్నిగారు పోయారు. పోయిన వారం పొద్దున్నే బాబాయిగారు గోడ దగ్గరికొచ్చి, "అమ్మా, మీ పిన్ని లేవట్లేదు, ఒకసారి రామ్మా" అన్నారు. పరుగున వెళ్లాను. చెయ్యి పట్టుకుంటే అప్పటికే చల్లబడిపోయింది.

చిలకలూరిపేటలో మా రెండిళ్ల మధ్య నడుమెత్తు గోడే. జిన్నింగు మిల్లు నుంచి ఎగిరొచ్చే దూది నూగు రెండు వాకిళ్లలోనూ పడేది. ఆవిడ తన వాకిలి ఊడ్చుకుని, మా గుమ్మం కూడా ఊడ్చి వెళ్లేవారు. ఉరిమితే మాత్రం చీపురు పారేసి మా ఇంట్లోకి పరిగెత్తుకొచ్చేవారు. అంత పిరికి మనిషి.

మా అమ్మాయి రెండు కుందేళ్లను పెంచుతోంది. రెండూ ఆడవే. ఒకటి తెల్లది, ఒకటి బూడిద రంగుది. చిన్నప్పుడు ఒకే గిన్నెలో తిన్నాయి. కాస్త ఎదిగాక ఒక మధ్యాహ్నం బోనులో పెద్ద చప్పుడైంది. వెళ్లి చూస్తే రెండూ ముద్దలా దొర్లుతున్నాయి. బొచ్చు ఎగురుతోంది. తెల్లదాని చెవి చీలి నెత్తురు కారుతోంది. మా అమ్మాయి ఏడుస్తూ చెయ్యి లోపల పెట్టబోయింది.

"చెయ్యి పెట్టొద్దే! వేలు తెగుద్ది!" గోడ అవతలి నుంచి పిన్నిగారి కేక. చేట పట్టుకుని పరిగెత్తుకొచ్చి రెండింటి మధ్యకి తోశారు. అవి విడిపోగానే చేట అక్కడే వదిలేసి గోడ దాకా వెనక్కి వెళ్లిపోయారు.

ఒకదాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామన్నారు మా ఆయన. ఆ మాటకి మా అమ్మాయి అన్నం మానేసింది. మళ్లీ కలిపితే ఒకటి చస్తుందేమోనని నా భయం.

"అవి పగతో కొట్టుకోవట్లేదమ్మా, బెదురుతో కొట్టుకుంటున్నాయి. బెదురంటే ఏంటో నాకు తెలుసు గదా" అన్నారు పిన్నిగారు. చిన్నప్పుడు పుట్టింట్లో కుందేళ్లు పెంచారట.

గాయం మానేదాకా వాటిని విడివిడిగా ఉంచమన్నారు. తరవాత రెండు బోనులూ పక్కపక్కన, కరుచుకోవడానికి అందనంత ఎడంగా పెట్టించారు. రోజూ వచ్చి దీని గడ్డి దానికింద, దాని గడ్డి దీనికింద వేసేవారు. "ముందు వాసన అలవాటు పడాలమ్మా" అనేవారు. చివరికి వాళ్లింట్లో ఖాళీ గదిలో వదిలారు. రెండింటికీ కొత్త చోటైతే, నాది నాదని కొట్టుకోవట.

నేను చేతికి గోనెసంచి చుట్టుకుని నిలబడ్డాను. మా అమ్మాయి కళ్లు మూసుకుంది. బూడిదది చుట్టూ తిరుగుతోంది. తెల్లది నేలకి కరుచుకుపోయింది.

"కదలకమ్మా" అని గొణుగుతూ పిన్నిగారు నా భుజం గట్టిగా పట్టుకున్నారు.

బూడిదది మెల్లగా దగ్గరికెళ్లి తెల్లదాని నుదురు నాకింది. పిన్నిగారు ఉన్నచోటే కూలబడి ఏడ్చేశారు. ఆ తరవాత అవి మళ్లీ కొట్టుకోలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఒకే గదిలో తిరుగుతున్నాయి.

పిన్నిగారిని తీసుకెళ్లేటప్పుడు డప్పులు మొదలయ్యాయి. టపాకాయలు పేల్చారు. ఇంట్లో కుందేళ్లు గుర్తొచ్చాయి. ఆ మోతకి బెదిరి అవి మళ్లీ కొట్టుకుంటే? ఆవిడుంటే ఆవిణ్ణే పిలిచేదాన్ని. జనంలోంచి తోసుకుంటూ ఇంటికి పరిగెత్తాను. గది తలుపు తీయడానికి చెయ్యి రాలేదు. లోపల ఏ చప్పుడూ లేదు.

తీశాను. బియ్యం డబ్బా వెనక మూలలో రెండూ ఒకదాన్నొకటి అదుముకుని ఉన్నాయి. తెల్లదాని తల బూడిదదాని గడ్డం కింద ఉంది. రెండింటి డొక్కలూ ఎగిరెగిరి పడుతున్నాయి.