పాత పేజీలో సార్ నంబరు

మా సార్ పోయారు. నల్లపాడులో, ఇంట్లోనే, కాఫీ తాగి పేపరు పట్టుకుని కూర్చున్న మనిషి అలాగే వెళ్లిపోయారు. మన కాలేజీలో చదివిన మీకందరికీ, కాలేజీ వెబ్‌సైట్‌లో లాగిన్ కాకపోతే మీరు ఫోన్ చేసే సార్‌గానే ఆయన తెలుసు. ఆయన కింద పనిచేసినవాణ్ణి కదా అని నన్ను నాలుగు మాటలు రాయమన్నారు. రాయడానికి సిగ్గుగా ఉంది. ఎందుకో చెబుతాను.

"సైట్ బాగానే ఉందండీ, చూశాను" అంటే సార్ ఒప్పుకునేవారు కాదు. "నువ్వు చూసింది పేజీ. దాంతోపాటు వచ్చే హెడర్లు చూశావా? కవరు మీద ముద్ర చూడకుండా ఉత్తరం ఇవాళ్టిదేనని ఎలా చెప్తావయ్యా?" అనేవారు. చాదస్తమని వెనక నవ్వుకునేవాళ్లం. అలా కోప్పడిన సాయంత్రమే తన బండి మీద నన్ను బస్టాండులో దింపి, చిలకలూరిపేట బస్సు కిటికీలోంచి "సీటు దొరికిందా?" అని అడిగి మరీ వెళ్లేవారు.

ఆయన పోయిన మర్నాడు సైట్‌లో ఆయన నంబరు తీసి నాది పెట్టాను. ఆఫీసులో తెరిచి చూస్తే నా నంబరే కనిపించింది. పెద్దకర్మ అయ్యేదాకా నాకు ఒక్క ఫోనూ రాలేదు. హమ్మయ్య, ప్రాణం హాయిగా ఉందనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ తల ఎత్తుకోలేకపోతున్నాను.

తర్వాత ఒక విద్యార్థిని వచ్చి, "సార్‌కి ఫోన్ చేస్తే వాళ్లావిడ ఎత్తారండీ. సార్ లేరని చెప్పారండీ" అంది. ఆఫీసులో మాకు పేజీలు నేరుగా వస్తాయి; బయటివాళ్లకు వాటిని అందించేది మధ్యలో ఉండే ప్రాక్సీ సర్వర్. అది తను దాచుకున్న పాత కాపీనే ఇస్తోంది. హెడర్లు అప్పుడు చూశాను. కాపీని ఎంతసేపు ఉంచుకోవచ్చో చెప్పే హెడర్‌ను మా అసలు సర్వర్ పంపుతూనే ఉంది, ప్రాక్సీ దాటాక అది లేదు. పరీక్షా ఫలితాలప్పటి రద్దీ తట్టుకోవాలని, ఆ హెడర్‌ను పట్టించుకోకుండా తీసేయమని ప్రాక్సీలో రాసింది నేనే. రద్దీ తగ్గగానే మార్చెయ్యమని సార్ చెప్పారు. అలాగేనండీ అన్నాను. మార్చలేదు.

అది సరిచేసి, పాత కాపీ చెరిపేసి, సార్ ఇంటికి వెళ్లాను. సార్ భార్య చాప మీద కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్నారు. పక్కనే సార్ ఫోను.

"తప్పు నాదేనమ్మా. ఇక మీకు ఆ ఫోన్లు రావు," అన్నాను.

"పోనీలే బాబూ. మొదట్లో పోయారనే చెప్పేదాన్ని. అవతల పిల్లలు ఏడ్చేవాళ్లు. వాళ్లని నేనే ఊరుకోబెట్టాల్సొచ్చేది."

అంతలో ఫోన్ మోగింది. నంబరు ముందే రాసుకున్నవాళ్లెవరో. ఆవిడ చేతులనిండా కారం. "కాస్త చెవి దగ్గర పెట్టు బాబూ," అన్నారు. పెట్టాను. అవతల ఎవరో ఆడపిల్ల సార్ ఉన్నారా అని అడిగింది.

"బయటికెళ్లారమ్మా," అన్నారావిడ, తొడిమ తీస్తూనే. "రాగానే చెప్తాను."