రెండో షట్టరు

మా దుకాణం పత్తర్‌గట్టి వెనక సందులో ఉండేది. దుప్పట్లు, జంపఖానాలు అమ్మేవాళ్లం. ఉన్నది ఒకటే గది. గుమ్మం దగ్గర నిలబడి సరుకు విప్పి చూపించేది మా బాపు. లోపల గోడకు ఆనించిన తెల్లటి గద్దె మీద కూర్చునేది పెద్దబాపు, అంటే బాపుకు అన్న. ఆ రెండు చోట్ల మధ్య దూరం మీదే మా వ్యాపారమంతా నిలబడి ఉండేది.

బార్కస్ నుంచి ఓ పెద్దావిడ వచ్చేది. జంపఖానాను గోటితో గీకి, నేత బాగోలేదని మూతి విరిచి, ధరను సగానికి దింపేది. బాపు మొహం దీనంగా పెట్టి లోపలికి కేక వేసేవాడు.

“అన్నా, ఖాలా మస్తు దూరంకెల్లి వచ్చింది. ఇచ్చేద్దామా?”

“ఇచ్చేయ్! దుకాణం గుడ ఇచ్చేయ్! నీ అసొంటోడు తమ్ముడైనందుకు నేను చార్మినార్ కాడ గాజులమ్ముకోవాలె!”

పెద్దావిడ మనసు కరిగిపోయేది. “ఉనకు కాయ్కు డాంట్‌తే జీ?”, అతన్నెందుకు తిడతావని పెద్దబాపునే కోప్పడి, బాపును తిట్ల నుంచి కాపాడటానికి తనే ఇంకాస్త పెంచేది. తిట్టడం అన్న పని, తిట్లు తినడం తమ్ముడి పని. ఆమె వెళ్లాక ఇద్దరూ ఒకే కప్పులో చాయ్ పంచుకుని తాగేవాళ్లు.

ఇలాంటి చోట పెరిగినవాణ్ణి, నాకు ఎవరి మాటా ఒకంతట నమ్మబుద్ధయ్యేది కాదు. రిక్షా అతనితో గొంతు పోయేలా బేరమాడి, తీరా అతను ఒప్పుకున్నాక, ‘ఇంత సులువుగా ఎందుకొప్పుకున్నాడబ్బా’ అని అనుమానమొచ్చి, మండుటెండలో సంతోష్‌నగర్ దాకా నడిచిపోయిన ఘనుణ్ణి నేను.

డెబ్భైల చివర్లో ఒక వానాకాలం దుకాణం కప్పు కారి సరుకు తడిసింది. పాతది దించేసి, పైన గోదాముతో కొత్తగా కట్టించుకుందామని అన్నదమ్ములు అనుకున్నారు. కొత్తగా చదువు ముగించిన ఒక ఇంజినీరు ప్లాను గీసి తెచ్చి గద్దె మీద పరిచాడు. నేను పెద్దబాపు భుజం మీదుగా తొంగి చూశాను. ముందువైపు ఒక షట్టరు ఉండాల్సిన చోట రెండున్నాయి. వాటి నడుమ నిలువునా ఒక గోడ.

మా బజారులో అన్నదమ్ములు విడిపోయారని నోటితో ఎవరూ చెప్పరు. ఉన్న ఒక్క షట్టరు పోయి రెండొస్తాయి. సందు మొత్తానికి సంగతి తెలిసిపోతుంది.

పెద్దబాపు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. మడిచి బాలీసు దిండు కింద పెట్టుకుని, “మంచిగున్నది” అన్నాడు. ఆయన జన్మలో ఏ వస్తువునూ కొనకముందు మంచిగున్నదన్న మనిషి కాదు. నాకు అర్థమైపోయింది, ఈ గోడ ఆయన పన్నాగమే. ఇన్నేళ్లు గుమ్మంలో నిలబెట్టి, ఇప్పుడు బాపును ఆ గుమ్మం నుంచి కూడా దాటిస్తున్నాడు.

ఇక ఆయన ఏం చేసినా నా లెక్కలోకి వచ్చేది. ఒకరోజు తిట్టడం తగ్గిస్తే, తప్పు చేస్తున్నవాడి మెత్తదనం అనుకున్నాను. మర్నాడు ఎక్కువ తిడితే, సాకు వెతుకుతున్నాడనుకున్నాను. తన చేత్తో బాపుకు చాయ్ పోసిస్తే నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

చివరికి ఇంజినీరు దగ్గరికి వెళ్లాను. తెలియనిది రాబట్టాలంటే తెలిసినట్టే మాట్లాడాలని మా గద్దె నేర్పిన విద్య.

“సార్, ఆ నడిమి గోడ తొమ్మిదించులది కావాలని మా పెద్దబాపు అంటుండు. నాకైతే అంత వద్దనిపిస్తుంది.”

ఇంజినీరు విచిత్రంగా చూశాడు. “మీ పెద్దబాపు నాతోని గోడ మాటనే ఎత్తలేదు. అడిగింది మీ నాయన. దిట్టంగ కట్టుండ్రి, అవుతలి మాట ఇవుతలికి ఇనరావద్దు అన్నడు.”

నేను నమ్మలేదు. సగం దారి దాకా ఇంజినీరునే అనుమానించాను. ఇంటికొచ్చి బాపునే అడిగేశాను.

“అవు. నేనే అడిగిన,” అన్నాడు, కాళ్లు కడుక్కుంటూ.

“ఏమైంది బాపు? లొల్లి అయ్యిందా?”

“లొల్లేం లేదురా. గిరాకి కోసం తిడ్తడు, నాకెరుక లేదా? మొన్న దుకాణం బంద్ చేస్తున్నం. ఒక్క గిరాకి లేదు. గప్పుడు గుడ గట్లనే తిట్టిండు. ఎవలికి ఇనిపియ్యనీకె?”

“ఆయనకే చెప్పరాదు మరి?”

“ఏమని చెప్పాలె? గా తిట్లతోనే గదరా ఇంటిల్లిపాది తిన్నది. ఒక్కసారన్న నా నోటితోని నేనే గిరాకికి ‘లేదు’ అని చెప్పి అమ్మాలెనని ఉన్నది.”

అప్పటిదాకా విడిపోతారేమోనని నా భయం. ఇప్పుడు, విడిపోయేటప్పుడు బాపు మోసపోతాడేమోనని. జాగా పంచుకునేటప్పుడు మావాళ్లలో ఒక పద్ధతుంది. పెద్దవాడు గీత గీస్తాడు, చిన్నవాడు ముందు ఏరుకుంటాడు. గీసేవాడు వంకర గీయకుండా ఆ ఏర్పాటు. కానీ ఏరుకునేవాడు మొహమాటస్తుడైతే గీత ఎలా గీసినా చెల్లిపోతుంది. మా బాపు ఇంట్లో విరిగిన గారె కోసం వెతుక్కుని తీసుకునే రకం.

కప్పు దించేశాక, బోసిగా ఉన్న దుకాణంలోకి పెద్దబాపు గుప్పిట్లో సున్నప్పొడి పట్టుకుని వచ్చాడు. ఇంజినీరు, మేస్త్రీ, మేమూ నిలబడి ఉన్నాం. ఆయన వంగి గీత పోశాడు. మధ్యలో కాదు, బాగా ఎడమకు. ఒకవైపు సందు మూలకు కనిపించే విశాలమైన జాగా. రెండోవైపు నడవాలాంటి ఇరుకు.

“ప్లానుల గోడ నడిమిట్ల ఉన్నది సాబ్,” అన్నాడు ఇంజినీరు.

“కాగితం నీది. జాగ మాది,” అన్నాడు పెద్దబాపు. తర్వాత బాపు వైపు తిరిగి, “ఏరుకో తమ్మీ,” అన్నాడు.

ఎర నాకు స్పష్టంగా కనిపించింది. తమ్ముడు సిగ్గుపడి ఇరుకే తీసుకుంటాడని ఆయనకు తెలుసు. నేను దగ్గాను. మళ్లీ దగ్గాను. బాపు నా వైపు చూడనే లేదు. నడుచుకుంటూ వెళ్లి విశాలమైన వైపున నిలబడ్డాడు.

“ఇది.”

మేస్త్రీ తల తిప్పుకుని సందులోకి చూడటం మొదలుపెట్టాడు. పెద్దబాపు అరుస్తాడనుకున్నాను. ఆయన చేతికంటిన సున్నం ధోతికి తుడుచుకుని, “అచ్ఛా,” అన్నాడు, అంతే.

మోసం చేయబోయి దొరికిపోయాడా? లేక ఊరికే ఇస్తే తమ్ముడు పుచ్చుకోడని, ఇలా తిప్పి ఇచ్చాడా? ఆయన మొహం కేసి చూశాను. హోల్‌సేలు వ్యాపారి మొహంలో కూడా ఏదో ఒకటి దొరుకుతుంది. అక్కడ ఏమీ దొరకలేదు. ఇన్నేళ్లయినా నేను తేల్చుకోలేదు.

“సరే గని,” అన్నాడు పెద్దబాపు, “గోదాము మెట్లు నా దిక్కు వస్తయి.”

“లేదన్నా. నా దిక్కే ఉంటయి.”

“మూల నీకే, మెట్లు గుడ నీకేనా? గిదేం న్యాయం? నేను పోతున్న!”

ఆయన గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. గిరాకీ అలా ఆగితే వెనక్కి పిలవడం ఇన్నేళ్లుగా బాపు పని. బాపు పిలవలేదు. కాసేపటికి ఆయనే తిరిగొచ్చాడు.

“మెట్లు ఇద్దరికి.”

“ఇద్దరికి.”

అలాగైతే గోడలో ఒక తలుపు పెట్టాల్సి వస్తుందన్నాడు ఇంజినీరు, విసుగ్గా.

“పెట్టు. గొళ్లెం నా దిక్కు,” అన్నాడు పెద్దబాపు.

“నా దిక్కు గుడ,” అన్నాడు బాపు.

ఇంజినీరు పెన్సిలు తీసి, గోడలో తలుపు గీసి, దానికి అటొకటి ఇటొకటి గొళ్లేలు పెట్టాడు.