ఎస్తేరు ఎడమచెయ్యి

కోదాడలో చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాక, కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నాకు హెడ్ నర్సుగా ప్రమోషన్ వచ్చి సూర్యాపేటకు బదిలీ అయింది. అక్కడి ఆసుపత్రిలో డయాలసిస్ విభాగం అప్పగించారు. కిడ్నీలు పనిచేయని మనిషి రక్తాన్ని యంత్రంలోకి తీసుకుని, శుభ్రం చేసి, తిరిగి ఒంట్లోకి పంపడం మా పని. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు.

నేను చేరిన కొద్దిరోజులకే ఎస్తేరు వచ్చింది. ఇరవై దాటిన పిల్ల. ఊరు గరిడేపల్లి. తండ్రి ఏసోబు మిర్యాలగూడలో రైసుమిల్లు హమాలీ. తల్లి మార్తమ్మ నాట్లకూ కలుపుకూ పోయేది. చిన్నప్పుడు చర్చిలో ఎవరో వదిలేసిపోయిన వయొలిన్ మీద ఈ పిల్ల తనంతట తానే పాటలు పట్టుకుంటుంటే, పాస్టరుగారు చూసి మిర్యాలగూడలో ఒక సంగీతం మాస్టారికి అప్పగించారట. జబ్బు సంగతి బయటపడేనాటికి ఆ మాస్టారే, ఇక నా దగ్గర నేర్పేదేమీ లేదని చెప్పేశారట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. మొదటిరోజు నేను చూసింది మెడలో తాత్కాలిక గొట్టంతో, ఉబ్బిన కాళ్లతో ఉన్న ఒక రోగిని.

ఆ గొట్టం ఎక్కువకాలం ఉంచకూడదు. చేతిలో ధమనిని సిరతో కలిపి కుడతారు. దాన్ని ఫిస్టులా అంటారు. కొన్ని వారాలకు సిర లావై సూదులకు అనువుగా తయారవుతుంది. మామూలుగా వాటమున్న చేతిని వదిలి రెండో చేతికి చేస్తారు, ఎందుకంటే కొందరికి ఫిస్టులా చేసిన చెయ్యి చల్లబడి వేళ్లు మొద్దుబారతాయి. ఎస్తేరుది కుడిచేతివాటం కాబట్టి డాక్టరుగారు ఎడమచెయ్యి అని రాశారు.

"ఎడమది వద్దు సార్," అందామె. "వయొలిన్ వాయిస్త. కుడిదానికి చెయ్యుండ్రి."

కుడిచేత్తోనే కదా కమాను పట్టేది అని డాక్టరుగారు అడిగారు. ఆయనకు సంగీతం మీద కొంత ఆసక్తి ఉంది.

"కమాను జారితే మళ్ల పట్టుకుంట సార్. ఎడమ వేళ్లు మొద్దుబారితే ఇగ స్వరమే రాదు."

డాక్టరుగారు రాసింది కొట్టేసి కుడిచెయ్యి అని రాశారు. నా సర్వీసులో ఒక రోగి తన శరీరం గురించి అంత స్పష్టంగా, అంత నెమ్మదిగా మాట్లాడటం వినడం అదే మొదటిసారి.

ఫిస్టులా బాగానే పనిచేసింది. సూదులు గుచ్చాక కుడిచెయ్యి కదపకూడదు. ఎడమచేతిని మాత్రం ఆమె ఊరుకోనిచ్చేది కాదు. రోగుల బంధువులను లోపలికి రానివ్వం గానీ, మార్తమ్మకు మాత్రం డాక్టరుగారి అనుమతితో మంచం పక్కన స్టూలు వేయించాను. ఎస్తేరు తల్లి ముంజేతిని వయొలిన్ మెడలా పట్టుకుని, దానిమీద వేళ్లు నడిపేది. చప్పుడు లేని సాధన. మార్తమ్మకు సంగీతం ఏమీ తెలియదు. అయినా ఒకరోజు నేను బీపీ చూస్తుంటే, "ఇయ్యాల కొత్తది మొదలుపెట్టింది సిస్టర్. మొన్నటిదాంక ఇట్ల లేదు," అంది. ఎస్తేరు కళ్లు మూసుకునే నవ్వింది.

ఆ చలికాలంలో మాస్టారు మిర్యాలగూడలో ఒక ఫంక్షన్ హాలులో ఆమె కచేరి పెట్టించారు. మొదటిసారి ఆమె ఒక్కతే ప్రధానంగా వాయించడం. సరిగ్గా అదేరోజు డయాలసిస్ ఉంది. అది చేయించుకున్న పూట నీరసం ఉంటుంది, సూది రంధ్రాలు పచ్చిగా ఉంటాయి, కమాను లాగితే రక్తం కారవచ్చు. ఆత్మకూర్ నుంచి డయాలసిస్‌కు వచ్చే నర్సయ్య అనే పెద్దాయనను, కచేరికి ముందురోజు మీ బెడ్ ఈమెకు ఇచ్చి, ఆమె రోజున మీరు వస్తారా అని అడిగాను. "పిల్ల వాయిస్తదంటే ఇయ్యనా? నేను తెల్లారి వస్త," అన్నాడు. డాక్టరుగారు సరేనన్నారు.

ఆమె అడిగితే నేనూ బస్సెక్కి వెళ్లాను. సంచిలో దూది, గాజుగుడ్డ, బీపీ మిషన్ పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాను. ఆమె చెయ్యి చూడటమే నా పని అనుకున్నాను.

కల్యాణి రాగం ఎత్తుకుంది. హాలులో పిల్లలు పరుగెడుతున్నారు, వెనక వంటవాళ్లు గిన్నెలు కదుపుతున్నారు. ఆమె ఒక్క స్వరాన్ని పట్టి అలా నిలిపింది. అది పెరగలేదు, తగ్గలేదు, దానిలోపల మాత్రం ఏదో తెరుచుకుంటూ పోయింది. ఎప్పుడు ఆగాయో తెలియదు, గిన్నెల చప్పుళ్లు లేవు. వంటవాళ్లు తడిచేతులతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. నాకు శాస్త్రం తెలియదు. ఇంత చిన్న ఒంట్లో, ఇంత జబ్బు పక్కన, ఇది ఎక్కడ ఉందా అని మాత్రం అనిపించింది. చప్పట్లు మోగాకగానీ ఆమె చెయ్యి వైపు నేను ఒక్కసారైనా చూడలేదని గుర్తురాలేదు. చూశాను. కట్టు పొడిగానే ఉంది.

వేదిక దిగి వచ్చాక ఎడమచెయ్యి నా చేతిలో పెట్టి, "సూడుండ్రి సిస్టర్, వెచ్చగుంది," అంది.

తల్లి కిడ్నీ ఇవ్వడానికి పరీక్షలు మొదలయ్యాయి. అవి పూర్తికాకముందే, వర్షాకాలంలో జ్వరం వచ్చి రక్తమంతా ఇన్ఫెక్షన్ పాకింది. హైదరాబాదు తీసుకెళ్లారు. వారం తిరగకముందే ఏసోబు ఫోన్ చేశాడు.

"సిస్టర్, రేపటి బెడ్ వేరేటోల్లకు ఇయ్యుండ్రి," అన్నాడు. "పిల్ల లేదు."

మర్నాడు ఆ బెడ్ మరొకరికి ఇచ్చాను.

డయాలసిస్ నర్సుకు శిక్షణలో నేర్పేదంతా ఆ మంచం మీద గడిచే నాలుగు గంటల గురించే. ఎస్తేరు తర్వాత నా పద్ధతిలో ఒకటి మారింది. రోగి రాగానే, బరువు చూడకముందే, నిన్న ఏం చేశారని అడగడం మొదలుపెట్టాను. రిటైరయ్యేదాకా కొత్త నర్సులకూ అదే నేర్పాను. మెట్లు ఎక్కలేకపోయాననో, అన్నం సయించలేదనో చెబితే అది వైద్యానికి పనికొస్తుంది. అనంతగిరి నుంచి వచ్చే ఒకాయన, "నిన్న మిర్పతోటకు నీళ్లు కట్టిన," అనేవాడు. అది వైద్యానికి పనికొచ్చే సంగతి కాదు. వైద్యం ఉన్నది అందుకోసం.