ములాఖత్ టైం దాటాక గురజాలకు

మహిళా జైల్లో వార్డరుగా చేసి రిటైరై ఆరు నెలలైంది. పోయిన వారం షాహీన్ ఫోన్ చేసింది. మూడేళ్ళు మా బ్యారక్‌లో ఉండి విడుదలైన పిల్ల. "మేడం, ఒక్కసారి గురజాల రండి, మిమ్మల్ని ఒకటి అడగాలి" అని పెట్టేసింది. ఏమడుగుతుందోనని భయమేసింది. ఆమె లోపలున్నప్పుడు వాళ్ళమ్మ ఓసారి ములాఖత్‌కి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. కూతుర్ని చూడనివ్వకుండా గేటు దగ్గర నుంచే తిప్పి పంపేశాను. నెల తిరక్కుండా ఆవిడ చనిపోయింది. ఆ కబురు షాహీన్‌కి చెప్పిందీ నేనే.

ఉదయం ఏడున్నరకి నరసరావుపేటలో బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్ ఉచితం. రెండు గంటల దారే గానీ పిడుగురాళ్ళలో బస్సు ఆగిపోయింది. సున్నపు బట్టీల దుమ్ము కిటికీలోంచి మీద పడుతోంది. పదే పదే వాచీ చూసుకుంటుంటే కండక్టర్ నవ్వాడు. "ఏందమ్మా అంత కంగారు? ఈడ అరగంట ఆగుద్ది. గురజాలోళ్ళకి అలవాటే." షాహీన్ వాళ్ళమ్మ కూడా గురజాల నుంచి ఈ దారినే వచ్చి ఉంటుంది. నరసరావుపేట నుంచి మా జైలుకి ఇంకా రెండు బస్సులు మారాలి. ఇన్నేళ్ళలో నాకు ఆ లెక్కే తట్టలేదు. నా మీద నాకే అసహ్యమేసింది.

గురజాల బస్టాండ్ నుంచి షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. షాహీన్ చిన్న టైలరింగ్ షాపు పెట్టుకుంది. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన పక్కింటామె నన్ను ఎగాదిగా చూసింది. ఎవరైనా అడిగితే కుట్టు నేర్పిన టీచర్నని చెబుదామని దారంతా వల్లె వేసుకున్నాను.

"ఎవరమ్మే ఈమె?" అందామె.

"జైల్లో మా మేడం, పిన్నీ" అంది షాహీన్, మిషన్ ఆపకుండానే.

ఆమె వెళ్ళాక మిషన్ ఆపి నా ఎదుట కూర్చుంది. తిడుతుందేమోనని చీర కొంగు మెలి పెట్టుకుంటూ ఉన్నాను.

"కోపం పోలా మేడం, అబద్ధమెందుకు. అయినా అడగాలి. ఆ రోజు మా అమ్మ ఎట్టుంది? చిక్కిపోయిందా? ఏం చీర కట్టుకుంది? మా ఇంటో ఎవుర్నడిగినా గుర్తులేదంటన్నారు. అంత దగ్గరగా చూసింది మీరేగా."

ఏదో ఒక రంగు చెప్పేస్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"నాకూ గుర్తులేదమ్మా. అప్పుడు గోడ గడియారం వంకే చూస్తున్నాను."

 షాహీన్ కళ్ళు తుడుచుకుని లేచింది. "సరే. అన్నం తిని పోండి. బస్సుకి ఇంకా టైముంది."

తిన్నాను.  లోపలివాళ్ళకి మేమే తల్లీ తండ్రీ అని ఎన్నిసార్లు గొప్పగా చెప్పుకున్నానో తిరుగు బస్సులో గుర్తొచ్చి సిగ్గేసింది. మీవాళ్ళెవరైనా జైల్లో ఉంటే, ములాఖత్‌కి మీరు అనుకున్న బస్సు కంటే ముందు బస్సు ఎక్కండి. ఎందుకు ఆలస్యమైందని గేటు దగ్గర ఎవరూ అడగరు. నేను అడగలేదు.