ఎలుకబోనులో పడ్డవి మూడు

నా చిన్నప్పుడు అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌లో ఒక మహాసంగ్రామం జరిగింది. అందులో వ్యూహాలున్నాయి, బందీలున్నారు, ఇల్లు తగలబడే ప్రమాదం కూడా ఉంది. తీరిగ్గా చెబితే పర్వాలకు పర్వాలు పట్టాలి. కానీ నిజం ఒప్పుకోవాలి కదా. ఒక పక్షాన మా తాతయ్య, రెండో పక్షాన ఒక ఎలుక. యుద్ధభూమి మా గరాజ్. గెలిస్తే దక్కే రాజ్యం ఒక సోనా మసూరి బస్తా.

నాకిప్పుడు ఇరవై ఆరేళ్లు. చిన్ననాటి ముచ్చట్లు చెప్పుకునే వయసు ఇంకా రాలేదని మా అమ్మ అంటుంది. మొన్న ఒక పార్టీలో బడికెళ్లే పిల్లాడు నన్ను "ఆంటీ" అన్నాడు. అర్హత వచ్చేసినట్టేనని నేను సరిపెట్టుకున్నాను.

తాతయ్య అంటే అమ్మ వాళ్ల నాన్న. కృష్ణా జిల్లాలో వరి పండించిన మనిషి. వరి ఉన్నచోట ఎలుకలుంటాయి కాబట్టి ఆయన సగం జీవితం వాటి వెనకే గడిచింది. ఏ గట్టు మీద బోను పెట్టాడో, ఎర ఏమిటో, ఏం పడిందో, పడ్డది ఎలా ప్రవర్తించిందో ఆయన రాసుకునేవాడు. దాని పేరు వేట పుస్తకం. ఆరు నెలలు ఉందామని మా ఇంటికి వచ్చినప్పుడు అలాంటి పుస్తకంతో పనిపడుతుందని ఆయన అనుకోలేదు. మొదటి వారం ఆనందంగానే ఉన్నాడు. తర్వాత సంగతి అర్థమైంది. కాలు బయటపెట్టాలంటే కారు కావాలి, కారు కదలాలంటే అల్లుడు కావాలి, అల్లుడు దొరకాలంటే శనివారం కావాలి. మధ్యలో ఉన్నదంతా సోఫా. నాకు తొమ్మిదేళ్లు, నాకూ డ్రైవింగ్ రాదు. సెలవుల్లో మేమిద్దరం ఒకే కిటికీలోంచి ఒకే చెట్టును చూస్తూ కూర్చునేవాళ్లం.

అలాంటి సమయంలో గరాజ్‌లో బియ్యం బస్తా మూల చిరిగింది. ఆయన ముఖం వెలిగిపోయింది. జిగురు అట్ట తెచ్చి పడేద్దామని నాన్న అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు.

"వినాయకచవితి దగ్గర్లో పెట్టుకుని ఆయన వాహనాన్ని అట్టకి అంటిస్తారా?"

అంటించలేదు. తీగల బోను ఆర్డర్ చేశారు. నా స్కూల్ నోటుబుక్కు ఒకటి వేట పుస్తకంగా మారి, పెన్సిల్ కట్టిన దారంతో సహా గరాజ్ గోడకి వేలాడింది. పట్టుకున్న ఎలుకను మా ఇళ్ల వరుస వెనక ఉన్న చెరువు దాకా నడిచి వెళ్లి వదిలేవాళ్లం. అలా తాతయ్యకి నడకా దొరికింది, ఉద్యోగమూ దొరికింది. నేను అసిస్టెంటును. ఎర పెట్టడం నా పని. వేరుశనగ వెన్న కన్నా జంతిక ముక్క బాగా పనిచేస్తుందని కనిపెట్టింది నేనే.

ఏమీ పడని రోజు కూడా ఆయన రాసేవాడు. "ఖాళీ. ఎర తిని పోయింది. తెలివిగలది." ఎలుకల్ని పొగడడం చూసి అమ్మకి నవ్వొచ్చేది.

"నాన్నా, పట్టుకున్నవి రాసుకుంటే చాలదా?"

"పట్టుకున్నవే రాస్తే అవి గొప్పలమ్మా. ఖాళీ రోజులు కూడా రాస్తేనే వేట."

ఇక యుద్ధం జరిగిన రోజు. నాన్న ఆఫీస్ పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు. అమ్మ గ్రోసరీకి బయల్దేరుతూ, పప్పు కుక్కర్ స్టవ్ మీద ఉందని, మూడు విజిల్స్‌కి ఆపేయమని తాతయ్యకి చెప్పి వెళ్లింది. బయట ఆకాశం నల్లబడుతోంది. ఆమె వెళ్లిన కాసేపటికి గరాజ్‌లో టక్‌మని బోను పడిన చప్పుడు. ఇద్దరం పరుగెత్తాం. ఎలుక ఇంట్లోకి దూరకూడదని, గరాజ్‌కీ ఇంటికీ మధ్య ఉన్న తలుపును తాతయ్య లాగేశాడు. ఆ తలుపుకి ఇంటి వైపు తాళం మీట ఎప్పుడూ నొక్కే ఉంటుంది. దొంగలకని అమ్మ పెట్టిన ఏర్పాటు. ఇన్నేళ్లలో అది ఆపింది మా ఇద్దరినే.

కారు వచ్చే పెద్ద తలుపు తీద్దామని గోడ మీది బటన్ వైపు నడిచాను. అప్పుడే ఉరిమింది, కరెంటు పోయింది. బటన్ నొక్కాను. ఏమీ లేదు. ఫోన్ వంటింట్లో ఉంది. గరాజ్‌లో ఉక్క. పెద్ద తలుపు పైన ఉన్న చిన్న అద్దాల్లోంచి బూడిద రంగు వెలుతురు మాత్రం వస్తోంది. అప్పుడు గోడకి అవతల, చాలా మర్యాదగా, మొదటి విజిల్ వినిపించింది.

మాది గ్యాస్ స్టవ్. కరెంటు పోయినా అది ఆగదు. ఇల్లేమో కర్ర ఇల్లు. స్కూల్లో ఫైర్ డ్రిల్ కొత్తగా నేర్పారు కాబట్టి ఈ రెండు వాక్యాలనీ కలపడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. తలుపు బాదాను. గుబ్బ తిప్పాను. వానలో ఎవరికీ వినబడదని తెలిసినా అరిచాను.

"తాతయ్యా, హౌస్ బర్న్ అవుతుంది! మనం కూడా బర్న్ అవుతాం!"

రెండో విజిల్ వచ్చింది. తాతయ్య వెళ్లి బియ్యం బస్తా మీద కూర్చున్నాడు. గోడ మీంచి వేట పుస్తకం తీశాడు. అద్దాల వెలుతురుకు పట్టుకుని, నింపాదిగా రాసి, పైకి చదివాడు.

"బోను, గరాజ్. ఎర, జంతిక ముక్క. పడ్డవి మూడు. ఒకటి ఎలుక. ఒకటి ముసలిది. ఒకటి తలుపు కొరుకుతోంది."

"నేను కొరకట్లేదు!"

"మరేం చేస్తున్నావో చెప్పమ్మడూ. తప్పు రాయకూడదు కదా."

"కొడుతున్నా."

"తెరుచుకుందా?"

"లేదు."

"కొట్టింది. తెరుచుకోలేదు," అని రాసుకున్నాడు. ఆ పెన్సిల్ చప్పుడుకు ఏడుపు సగంలో ఆగిపోయింది. నా గురించి ఎవరైనా రాస్తుంటే సరిగ్గా రాస్తున్నారో లేదో చూసుకోవడం నాకు అప్పటినుంచీ అలవాటే. దగ్గరికి వెళ్లాను. ఆయన వెనక్కి తిప్పి పాత పేజీల్లోంచి నాకు వినిపించాడు. దాదాపు ప్రతి ఎలుకదీ ఒకే కథ. ముందు తీగల మీద దూకుతుంది, మూతి చీరుకుంటుంది. అలసిపోయి కూర్చుంటుంది. కూర్చున్నాకే మీసాలు కదులుతాయి. గాలి ఎటునుంచి వస్తోందో అటు తిరుగుతుంది. ఆ రోజు బోనులో ఉన్నది కూడా అప్పటికే ఆ దశకు వచ్చేసి, మమ్మల్ని కాస్త జాలిగా చూస్తోంది.

"నీకింకా మూతి చీరలేదు. కూర్చో. ఏమేం కనిపిస్తున్నాయో చెప్పు, రాస్తాను."

మూడో విజిల్. చెప్పాను. సైకిలు. బియ్యం బస్తాలు. పాత మైక్రోవేవ్. నాన్న ట్రెడ్‌మిల్. దాని పక్కన ఆయన "ఖాళీ" అని రాసి ఉంటాడని నా అనుమానం. గోడలు అయిపోయాక తల ఎత్తాను. పైన పట్టాలు, మోటారు, మోటారు కింద తాడుకి వేలాడుతున్న ఎర్రటి పిడి.

"అది టచ్ చేయొద్దని నాన్న చెప్పాడు."

"ఎందుకని?"

తెలియదు. ఒకసారి దాన్ని పట్టుకుని ఊగబోతే గట్టిగా కేకలేశాడు, అంతవరకే గుర్తుంది.

"వద్దన్న మాట గుర్తుంచుకున్నావు, ఎందుకన్నాడో అడగలేదు. సగం రాత రాసినట్టే కదే," అంటూ తాతయ్య మూలనున్న గొడుగు తీసుకున్నాడు. వంకీని పిడికి తగిలించి లాగాడు. పైన కటుక్కుమంది. తలుపు మాత్రం కదల్లేదు. నాలుగో విజిల్ వస్తుంటే నాకు మళ్లీ ఏడుపు మొదలైంది. ఆయన పుస్తకంలో "కటుక్కుమంది" అని రాస్తాడేమోనని భయపడ్డాను. రాయలేదు. వంగి తలుపు అడుగున వేళ్లు పెట్టాడు, నన్నూ పెట్టమన్నాడు. ఎత్తాం. జానెడు లేచింది. వాన చల్లగాలి కాళ్లకు తగిలింది. మళ్లీ ఎత్తాం.

తడుస్తూ ఇంటి వెనక్కి పరుగెత్తాం. కరివేపాకు కుండీకి నీళ్లు పోసినప్పుడల్లా తాతయ్య వెనక తలుపు గడియ వేయడం మరిచిపోయేవాడు. అమ్మ రోజూ విసుక్కునేది. ఆ రోజు కూడా మరిచిపోయాడు. ఆ మతిమరుపే మమ్మల్ని లోపలికి రానిచ్చింది. స్టవ్ ఆపాం. ఇల్లు కాలలేదు. పప్పు మాత్రం కాలింది. అమ్మ వచ్చి కుక్కర్ అడుగు చూసి ఎవరి పని అని అడిగితే తాతయ్య వేట పుస్తకం చేతిలో పెట్టాడు. చదివి, నవ్వి, కుక్కర్ ఆయన చేతే తోమించింది. ఆ ఎలుకను మాత్రం చెరువు దాకా తీసుకెళ్లలేదు. వాన తగ్గగానే తాతయ్య గుమ్మం దగ్గరే బోను తెరిచాడు. ఇంతసేపూ ఒకే జైల్లో ఉన్నవాళ్లం, అంతదూరం పంపిస్తే ఏం బాగుంటుందన్నాడు.

ఆరు నెలలూ అయిపోయాక పుస్తకం ఆయనతో వెళ్లింది. పెన్సిల్ కట్టిన దారం గోడకే మిగిలింది.

నేను ఇప్పటికీ ఎక్కడైనా ఇరుక్కుంటే ముందు రాస్తాను. బోను, మీటింగ్ రూం. ఎర, ఉచిత పిజ్జా. పడ్డవి తొమ్మిది, అందులో రెండు నిద్రపోతున్నాయి. ఉద్యోగం పోయిన రోజున కూడా కారులో కూర్చుని ఫోన్‌లో అలాగే రాశాను. కొట్టింది, తెరుచుకోలేదు అని రాసి ఫోన్ పక్కన పెట్టాను. అప్పుడు తల ఎత్తి చూశాను. పైన ప్రతిసారీ ఎర్ర పిడి ఉండదు. ఉందో లేదో చూడాలంటే మాత్రం ముందు తలుపు కొరకడం మానాలి.

మీ గరాజ్‌లో కూడా ఆ ఎర్ర పిడి ఉండే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు, తలుపు పూర్తిగా మూసి ఉంటేనే లాగండి. లాగితే మోటారు పట్టు వదులుతుంది, అంతే. తలుపు దానంతటది లేవదు, చేతులతో ఎత్తాలి.