పడవవాడిని చంపే హక్కు ఎవరిది

నా పడవవాడిని చంపాలని ఒక శనివారం మధ్యాహ్నం నేపర్‌విల్ లైబ్రరీ మీటింగ్ రూమ్‌లో పులిహోర తింటూ నిర్ణయించారు. నేను ఆ గదిలోనే ఉన్నాను. మూలన ఖాళీ ట్రేలు సర్దుతున్నాను. అందుకే, వాడి ఓనర్‌ని అయివుండి, ఆ కబురు అందరికంటే ఆఖరున విన్నాను.

రెండేళ్లుగా మేం ఏడుగురం కలిసి తెలుగులో ఒక ఫాంటసీ నవల రాస్తున్నాం. ఏడుగురికి ఏడు పాత్రలు. ఒక్కో అధ్యాయం ఒక్కో పాత్ర కళ్లతో నడుస్తుంది. ఆరుగురు ఐటీ ఉద్యోగులు. ఏడోవాణ్ణి నేను, ఇండియన్ గ్రోసరీ స్టోర్‌లో మేక మాంసం కౌంటర్ వెనక నిలబడేవాణ్ణి. మా ఆవిడ నర్సు. ఆమె వీసా పట్టుకుని వేలాడుతూ అమెరికా వచ్చాను. చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. తర్వాత అద్దె పుస్తకాల షాపులో పనికి కుదిరి, ఎవరూ అద్దెకు తీసుకెళ్లని పుస్తకాలన్నీ చదివేశాను. నా డిగ్రీ అదే.

నవలలోకి కూడా కౌంటర్ మీదుగానే దూకాను. మా గుంపుకి లీడర్‌ను అందరం పెద్దన్న అంటాం. ఆయన ఒకరోజు మాంసం కొట్టించుకుంటూ ఫోన్‌లో ఎవరితోనో, "యువరాజు నది ఎలా దాటాలో తేలట్లేదు బాస్, బ్రిడ్జ్ పెడితే బోర్‌గా ఉంది" అంటున్నాడు.

"పడవవాణ్ణి పెట్టుండ్రి అన్నా" అన్నాను ఎముక నరుకుతూ. "పైసలు తీసుకోడు. దాటాలంటే ఒక జ్ఞాపకం ఇయ్యాలె. ఇచ్చింది ఇచ్చినోడికి మళ్ల యాదికుండదు."

ఆయన ఫోన్ దించి నన్ను ఎగాదిగా చూశాడు. "ఇది నువ్వే ఆలోచించావా?"

"లేదన్నా, ఈ మేక చెప్పింది. చెప్పినందుకే ఇట్లయింది దాని బతుకు."

అలా నాకు ఏడో కుర్చీ దొరికింది.

వీళ్లు నవలను కూడా ఆఫీసు ప్రాజెక్టులాగే నడుపుతారు. ఒక పెద్ద షీటు ఉంటుంది. పాత్ర ఒక గడిలో, దాని ఓనర్ ఒక గడిలో, ఆ పాత్ర ఎంత ఎదిగిందో ఇంకో గడిలో. అన్నిటికీ మించిన రూల్ ఒకటుంది. ఓనర్ ఒప్పుకోకుండా ఇంకొకరి పాత్ర మీద చెయ్యి వేయకూడదు.

వినడానికి బాగుంది. కానీ తన పాత్ర తప్పు చేస్తుందంటే ఎవరు ఒప్పుకుంటారు? అందరూ తమ పాత్రను స్కూల్లో మొదటి ర్యాంకు పిల్లలా పెంచారు. సేనాపతి ఒక్క యుద్ధం ఓడడు. మంత్రి ఒక్క అబద్ధం ఆడడు. దొంగల నాయకురాలు దొంగతనం చేయదు, పేదలకు పంచుతుంది. ఎక్కడినుంచి తెచ్చి పంచుతుందో ఆమె ఓనర్‌కే తెలియదు. ఇంతమంది మంచివాళ్లు ఉన్న రాజ్యంలో యుద్ధం ఎందుకు జరుగుతోందని ఒకసారి అడిగాను. అందరూ నవ్వారు. నేను అడిగితే నవ్వుతారు. అది అలవాటైపోయింది వాళ్లకి. తప్పు నాదే, నేనే చేశాను ఆ అలవాటు.

యువరాజు పెద్దన్న పాత్ర. మండుతున్న కోటలో తమ్ముణ్ణి వదిలేసి పారిపోయి నది దగ్గరికి వస్తాడు. నా పడవవాడు ఆ జ్ఞాపకాన్నే అడిగి తీసుకున్నాడు. నేను అది రాసినప్పుడు పెద్దన్న ఎంత సంతోషించాడో! "సూపర్ తమ్ముడూ, ఇంక మావాడు క్లీన్" అన్నాడు. నిజమే, ఆ తర్వాత ఇరవై అధ్యాయాలు యువరాజు ఉతికిన చొక్కాలా తిరిగాడు. వాడి సిగ్గు, వాడి భయం అన్నీ నా పడవవాడే మోశాడు.

ఆ శనివారం గోడ మీది టీవీలో షీటు తెరిచారు. నేను చేతులు తుడుచుకుని వచ్చి చూస్తే, నా పడవవాడి వరుస మొత్తం ఎర్రగా ఉంది. పక్కన 'డెడ్' అని ఉంది. ఎంత ఎదిగాడో రాసే గడిలో 'కామెడీ' అని ఉంది.

"ఏందన్నా ఇది? మావోడు ఎప్పుడు పోయిండు? ఒక మాట చెప్పొద్దా, తలకి పోసుకునేటోణ్ణి గదా!"

మళ్లీ నవ్వులు. పెద్దన్న మాత్రం పాఠం చెప్పే గొంతు తెచ్చుకున్నాడు.

"చూడు తమ్ముడూ, ఎమోషనల్ అవ్వకు. పడవవాడు చనిపోతే వాడి దగ్గరున్న జ్ఞాపకాలన్నీ ఇచ్చినవాళ్లకి రిటర్న్ అయిపోతాయి. మావాడికి తమ్ముణ్ణి వదిలేసింది గుర్తొస్తుంది. అక్కడ కదా అసలు డెవలప్‌మెంట్!"

"డెవలప్‌మెంట్ మీవోనికి, దినాలు మావోనికా?"

"అబ్బా, ఆ డైలాగ్ ఎవరైనా రాసుకోండయ్యా" అన్నాడు సేనాపతి ఓనర్. నిజంగానే ఒకడు రాసుకున్నాడు.

"ఓనర్ ఒప్పుకోవాలె గదన్నా? రూల్ పెట్టింది మీరే."

"అది మెయిన్ క్యారెక్టర్స్‌కి తమ్ముడూ. కామెడీ క్యారెక్టర్ షేర్డ్ కదా. అందరిదీ."

అందరిదట! మీ వాళ్లు మీ సొంతం, నావాడు అందరి ఉమ్మడి సొత్తు. పడవ ఆలోచన నాది, ఆ జ్ఞాపకాల రుసుము నాది, మీ యువరాజు రెండేళ్లు మచ్చ లేకుండా తిరిగాడంటే అది నావాడు మోసినందుకే. ఇప్పుడు వాడి శవం మీద నిలబడి మీవాడు గొప్పవాడు కావాలి. ఇదంతా నోటిదాకా వచ్చింది. బయటికి మాత్రం ఇంకో జోకే వచ్చింది. అది ఏమిటో ఇక్కడ రాయను. అందరూ నవ్వారు.

అప్పుడు మంత్రగత్తె పాత్ర ఓనర్ మాట్లాడింది. నేను చెల్లెమ్మా అని పిలుస్తాను. ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తుంది. తప్పులు పట్టడమే ఉద్యోగం.

"అన్నయ్యా, ఒకటి అడగనా? కోప్పడరుగా?"

"అడుగు తల్లీ. ఎట్లనో సచ్చిపోయినం, ఇంక కోపమేంది?"

"మీవాడు అందరి దగ్గరా జ్ఞాపకాలు తీసుకుంటాడు. తను ఎప్పుడైనా ఒకటి ఇచ్చాడా? వాడు చేసిన తప్పు ఒక్కటైనా ఉందా బుక్ మొత్తంలో? వచ్చినవాళ్లందరికీ పంచ్‌లు వేస్తాడు, తనే రైట్ అయి వెళ్లిపోతాడు. వాడు పోయాక నా మంత్రగత్తెని ఒక పేజీ ఏడిపిద్దామని ఇందాకే ట్రై చేశాను అన్నయ్యా. ఏడవడానికి ఏమీ దొరకలేదు."

గదిలో ఆ రోజు అందరికంటే ఎక్కువ కోపం నాకు ఆమె మీదే వచ్చింది. మిగతావాళ్లు నా పాత్రను చంపారు. ఈమె వాడు ఎప్పుడూ బతకనేలేదని చెప్పింది. పైగా నిజం చెప్పింది. వాళ్ల సేనాపతినీ మంత్రినీ వెక్కిరించినన్నాళ్లూ నేనూ నావాడికి అదే చేశాను. వాళ్లు తమవాళ్లకు కత్తులు ఇచ్చి కాపాడుకున్నారు, నేను నావాడికి నోరు ఇచ్చి కాపాడుకున్నాను.

"ఒక్క నెల ఆగుండ్రి" అన్నాను. "వానితోని తప్పు చేయిస్త. పెద్ద తప్పే చేయిస్త. సంపకుండ్రి."

ఓటింగ్ పెట్టారు. నావైపు లేచిన చెయ్యి ఒక్కటే, చెల్లెమ్మది.

"పర్సనల్‌గా తీసుకోకు తమ్ముడూ" అన్నాడు పెద్దన్న నా భుజం తట్టి. "థాంక్స్ పేజీలో నీ పేరు వేస్తాం."

ఆ చెయ్యి భుజం మీంచి తీసేశాను. "నది మీరే ఉంచుకోండ్రి. నా పడవ, నా మనిషి నాకు గావాలె."

"మరి మావాడు ఎలా దాటతాడు?"

"ఈదమనుండ్రి. డెవలప్‌మెంట్ అయితది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. రెండేళ్లలో మొదటిసారి. బయటికి నడిచి కారెక్కాను. ఫోన్‌లో గ్రూపులోంచి తప్పుకుని, అప్పుడు కారు స్టార్ట్ చేశాను.

అయినా వాళ్ల నవలలో పడవవాడు చచ్చిపోయాడు. పెద్దన్నే రాశాడు, యువరాజు కళ్లతో. చాలా బాగా వచ్చిందని చెల్లెమ్మ మెసేజ్ పెట్టింది. చదవలేదు. చదవను.

మర్నాడు ఉదయం షాపు తెరవకముందే కారులో కూర్చుని నా పడవవాడిని రాయడం మొదలుపెట్టాను. ఒక ముసలామె రేవుకి వస్తుంది. నది చాలాసార్లు దాటిన మనిషి. ఇవ్వడానికి ఒకే ఒక జ్ఞాపకం మిగిలింది, కూతురి ముఖం. ఆ కూతురి దగ్గరికే వెళ్తోంది. పడవవాడు వదిలేయవచ్చు. వదలలేదు, తీసుకున్నాడు. అవతలి ఒడ్డున కూతురు పరుగెత్తుకొచ్చి "అమ్మా" అంటే ఆ ముసలామె "నువ్వెవరమ్మా?" అని అడిగింది. ఆ పిల్ల పడవవాడి వైపు తిరిగింది. వాడు ఒక జోకు వేశాడు. మంచి జోకే. నేనే వేయించాను.

ఆ వాక్యం కొట్టేద్దామని మూడుసార్లు వేలు వెళ్లింది. వాడు అక్కడ నోరు మూసుకుంటే ఎంత మంచివాడిగా ఉండేవాడో నాకు తెలుసు. అలాగే ఉంచాను. ఇప్పుడు వాణ్ణి చూస్తే నాకే చెంప పగలగొట్టాలనిపిస్తోంది. ఆ పిల్ల ఇంకా ఒడ్డునే నిలబడి ఉంది, వాడు పడవ దిగాలి, ఏం మాట్లాడాలో వాడికి తెలియదు. నాకూ తెలియదు. అయినా రాస్తున్నాను.

పెద్దన్న మీద కోపం మాత్రం అలాగే ఉంది. అందులో ఏ ఎదుగుదలా లేదు.