కర్రని గోడకి ఆనించకు

లియో వెంటా కొట్టం ఉన్న చోట ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. ఆ దారిన వెళ్లిన ప్రతిసారీ నేను ఆగి, ఉమ్మేసి మరీ వెళ్తాను. ఈ వయసులో ఇదేం పనే అంటుంది మా చెల్లెలు. అననీ. అక్కడ కారు పెట్టుకునేవాళ్లకి తాము దేని మీద చక్రాలు ఆపారో ఎవరో ఒకరు గుర్తుచేస్తూ ఉండాలి.

అమెరికాలో మిల్వాకీ ఊరి దక్షిణ పేటలో, మా బారు వెనక సందులో ఉండేది ఆ కొట్టం. అంతకు ముందెప్పుడో గుర్రాలకి నాడాలు కొట్టిన చోటు. లియో అక్కడ పూల్ ఆటలో బల్ల మీద బంతుల్ని పొడిచే కర్రలు చేసేవాడు. బోర్డు లేదు. తెలిసినవాళ్లు నేరుగా తలుపు తోసుకుని పోయేవాళ్లు. తెలియనివాళ్లు మా బారులోకి వచ్చి అడిగితే, మా నాన్న గ్లాసు తుడుస్తూ, "వెనక సందులోకి పోండి. తిట్లు ఎక్కడ వినిపిస్తే అక్కడ ఆగండి" అనేవాడు.

మా నాన్నా, ఆయనా కలిసి పెరిగారు. అందుకని నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. బడి అయిపోయాక మిగతా పిల్లలు ఎక్కడికి పోయేవాళ్లో నాకు తెలీదు. నేను మాత్రం ఆ కొట్టంలోనే పడి ఉండేదాన్ని. కాలిన మేపుల్ చెక్క పొట్టు వాసన, జిగురు వాసన, కట్టెల స్టవ్ మీద ఎప్పుడూ అడుగంటే కాఫీ వాసన. పైన దూలాల నిండా కొక్కేలు, ఒక్కో కొక్కేనికీ ఒక్కో మేపుల్ కర్ర, కసాయి కొట్లో సాసేజీలు వేలాడినట్టు. తలుపు తెరిస్తే గాలికి అవన్నీ ఒకదానికొకటి తగిలి టకటకలాడేవి. ఆ చప్పుడు నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

లియోకి ఒక కర్ర చేయడానికి ఏళ్లు పట్టేది. బద్ధకం కాదు. మేపుల్ చెక్కని లేత్ మిషను మీద పెట్టి, గిరగిరా తిప్పుతూ కాస్త చెక్కి, మళ్లీ కొక్కేనికి తగిలించేవాడు. కొన్ని నెలలు దాని మానాన దాన్ని వదిలేసేవాడు. మళ్లీ దింపి, బల్ల మీద దొర్లించి చూసి, ఇంకాస్త చెక్కి, మళ్లీ పైకి. ఒకేసారి సన్నగా చెక్కేస్తే ఆ పూటకి బాణంలా ఉంటుంది, కొన్న వాడి ఇంటికి వెళ్లాక వంకర తిరుగుతుంది.

"వంగే బుద్ధి ఉంటే ఇక్కడే, నా కళ్ల ముందే వంగి చావమను" అనేవాడు. వంగినదాన్ని మొహమాటం లేకుండా స్టవ్‌లో పెట్టేవాడు.

చెక్క నిటారుగా వేలాడాలి, లేదా బల్ల మీద చదునుగా పడుకోవాలి. ఏటవాలుగా నిలబెడితే తన బరువుకి తనే వంగిపోతుంది. అందుకని ఆ కొట్టంలో అన్నిటికంటే పెద్ద నేరం ఒకటే. ఎవరైనా మాటల్లో పడి చేతిలో ఉన్నది గోడకి చేరేస్తే చాలు, లియో లేత్ ఆపేసి అరిచేవాడు.

"గోడకి ఆనించకు!"

పోలీసు మీదా అరిచాడు. పాస్టరు గారు గొడుగు గోడకి ఆనిస్తే ఆయన మీదా అరిచాడు. "అది గొడుగు, లియో" అన్నారాయన దెబ్బతిన్న మొహంతో. "ఇవాళ గొడుగు. అలవాటు పాడవుతుంది" అన్నాడు లియో.

ఇంకో పద్ధతి ఉండేది. కర్ర కావాలని వచ్చిన వాళ్లని ఆయన టేపుతో కొలిచేవాడు కాదు. మూలన మేకుకి వేలాడే చీపురుకర్ర తీసి చేతికిచ్చి, కొట్టంలోని పాత పూల్ బల్ల మీద ఒక ఆట ఆడమనేవాడు. మంచి కర్ర పట్టుకుంటే ప్రతివాడూ సోకులు పోతాడు, చీపురుకర్ర పట్టుకుంటే నిజంగా ఎలా నిలబడతాడో, మణికట్టు ఎక్కడ బిగుస్తుందో బయటపడుతుంది అని ఆయన లెక్క. ఆ చీపురుకర్ర ఆయనదే. చిన్నప్పుడు ఒక పూల్ హాల్లో నేల ఊడ్చేవాడట. కర్రలు ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు. చీపురు విప్పేసి ఆ కర్రతోనే ఆట నేర్చుకున్నాడు. ఊరందరికీ కర్రలు చేసిన మనిషి తనకంటూ ఒక్కటి చేసుకోలేదు. ఆ చీపురుకర్రతోనే మా బారులో సగం మందిని ఓడించి, బ్రాందీ వాళ్ల చేతే పోయించుకునేవాడు.

ఇక హార్లన్ ప్రూయిట్ సంగతి. కార్ల వ్యాపారి, సరస్సు ఒడ్డున పెద్ద ఇల్లు. ఆ ఇంట్లో ఒక గది నిండా అద్దాల బీరువాలు, వాటి నిండా పేరున్న వాళ్లు చేసిన పూల్ కర్రలు. అప్పటికే మా బారు వెనక సందంతా కూలగొట్టబోతున్నారని నోటీసు వచ్చింది. స్థలం యజమాని ప్రూయిట్‌కి స్నేహితుడు. నేను కాఫీ కప్పులు కడుగుతుండగా ప్రూయిట్ కొట్టంలోకి వచ్చాడు.

"నేనొక మాట చెప్తే కూల్చడం ఆగిపోతుంది మిస్టర్ వెంటా. నాకు కావల్సింది మీ చేతి కర్ర ఒక్కటి. నల్ల చేవ చెక్కా, ముత్యపు చిప్పలూ, మీ పనితనమంతా అందులో చూపించండి. భయపడకండి, ఆడేముందు కొనకి రాసే సుద్ద కూడా దానికి తగలనివ్వను."

పాపం, అది పొగడ్త అనుకున్నాడు. లియో వెళ్లి చీపురుకర్ర తెచ్చి చేతికిచ్చాడు.

"ఒక ఆట ఆడండి సారూ."

"నేను ఆడను" అని నవ్వాడు ప్రూయిట్. "దాచుకుంటాను."

"ఆడకపోతే మరి నేను దేన్ని చూసి చెయ్యను? మీ బీరువాని చూసా?"

"మీ కొట్టం పోతుందండీ. అర్థమవుతోందా?"

"బాగా అర్థమైంది. తలుపు వేసి వెళ్లండి, చెక్కకి చలిగాలి తగుల్తోంది."

అతను వెళ్లాక నాకు ఒళ్లు మండింది. "నీకేం పోయేది బాబాయ్? వాడి మొహాన ఒకటి చేసి కొడితే ఈ కొట్టం నిలిచేది కదా!"

"వాడి మొహాన కొట్టే కర్ర నాకు చెయ్యడం రాదే బెర్నీస్" అన్నాడు. "పదేళ్లు వేలాడి, వంగకుండా నిలబడ్డ చెక్క అది. దాన్ని తీసుకెళ్లి అద్దాల్లో సమాధి చెయ్యమంటావా? కొట్టం కూలితే కూలనీ. నా బెంగల్లా పైనున్నవాటికే."

అప్పుడు తలెత్తి చూశాను. దూలాల నిండా చెక్క. కొన్ని ఇంకో రెండేళ్లు వేలాడాలి, కొన్ని ఇంకా ఎక్కువే. గోదాంలో కట్టలు కట్టి పడేస్తే ఆయన జీవితం మొత్తం వంకర తిరిగి స్టవ్ పాలవుతుంది. ఆయనకి వేరే కొట్టం దొరకదు, అన్నేళ్లు మళ్లీ మొదలుపెట్టే వయసూ లేదు. ఆ రోజు ఆయన మొహంలో మొదటిసారి భయం చూశాను. నాకు అది అస్సలు నచ్చలేదు.

శుక్రవారం చేపల వేపుడుకి మా బారు కిటకిటలాడుతుంది. నేను కుర్చీ ఎక్కి నిలబడి అరిచాను.

"ఎవరింట్లో మేకు కొట్టడానికి చోటుందో చేతులెత్తండి!"

కూల్చేవాళ్లు వచ్చేలోగా కొట్టం మొత్తం పేటంతా పాకింది. ఒకరి వంటింట్లో ఒక చెక్క, ఇంకొకరి మెట్ల కింద ఒకటి, చర్చి గంట గదిలో కొన్ని. లేత్‌ని ఆరుగురు మోసుకొచ్చి మా నేలమాళిగలో దించారు. లియో మాత్రం చీపురుకర్ర ఒక్కటే చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు, వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయన ఇల్లిల్లూ తిరిగి చెక్క చూసుకునేవాడు. నేనూ వెంట పోయేదాన్ని. ఎల్ఫ్రీడా ముసలమ్మ ఏం చేసిందనుకున్నారు? చెక్కకి చలేస్తుందని దానికి ఉన్ని మేజోడు తొడిగి, వేడి గొట్టం పక్కన వేలాడదీసింది. అది కొడవలిలా వంగి ఉంది. లియో దాన్ని కిందికి దించాడు. మేజోడు విప్పి, మడతపెట్టి ఆమెకిచ్చి, చెక్కని ఆమె స్టవ్‌లోనే పెట్టాడు.

"చంపేశానా లియో?" అని ఏడ్చింది ఆమె.

"ప్రేమ ఎక్కువైపోయింది దానికి. కాఫీ పెట్టు, మంట వృథా పోకుండా" అన్నాడు.

వంగనివి ఒక్కొక్కటే మా నేలమాళిగకి దిగొచ్చాయి. లియో చేతులు వణకడం మొదలయ్యాక లేత్ దగ్గర నేను నిలబడ్డాను. ఆయన వెనక స్టూలు మీద కూర్చుని తిట్టేవాడు. "అంత తొందరేంటే? పెళ్లికి పోవాలా?" అని. నా మొదటి కర్ర పంది మాంసం కొట్టే గస్ తీసుకున్నాడు. లియో దాన్ని బల్ల మీద దొర్లించి, చాలాసేపు చూసి, "స్టవ్‌లో పెట్టేంత ఘోరంగా లేదు" అన్నాడు. ఆ మాట మీద నేను చాలా రోజులు బతికాను.

ఆయన పోయినప్పుడు పేపర్లో ఫోటో వేశారు. ఆ చీపురుకర్ర కథ కూడా రాశారు. మరుసటి వారం శుక్రవారం, జనం నిండి ఉండగా, ప్రూయిట్ వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. బారు గోడ మీద మేకుకి వేలాడుతున్న చీపురుకర్రని చూపించి అడిగాడు.

"అమ్మా, అది నాకు కావాలి. ఎంతైనా సరే. దానికోసం ప్రత్యేకంగా ఒక బీరువా చేయించాను."

ఒక్కసారి రక్తం తలకెక్కింది. అయినా మేకు మీద నుంచి తీసి అతని చేతికే ఇచ్చాను.

"ఒక ఆట ఆడండి సారూ. తర్వాత మాట్లాడుకుందాం."

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మా పూల్ బల్ల వైపు చూశాడు, బల్ల చుట్టూ నిలబడ్డ వాళ్ల వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు. టోపీ సర్దుకోవడానికి చెయ్యి కావాల్సి వచ్చిందేమో, చేతిలో ఉన్నదాన్ని పక్కకి చేరేశాడు.

"గోడకి ఆనించకు!"

అరిచింది నేను. నేనొక్కదాన్నే కాదు. గస్ అరిచాడు, పాస్టరు గారు అరిచారు, నోట్లో చేప ముక్కతో ఎల్ఫ్రీడా ముసలమ్మ అరిచింది, బారు మొత్తం ఒక్క గొంతుతో అరిచింది. ప్రూయిట్ నిప్పు తొక్కినట్టు ఎగిరి, చీపురుకర్రని రెండు చేతులతో పట్టుకుని నాకు అప్పగించేశాడు.

దాన్ని మేకుకి తగిలించి, నేలమాళిగలోకి దిగి లేత్ వేశాను.